1924లో ఎవరెస్ట్ మీద మాయమైన బ్రిటిష్ పర్వతారోహకులు మాలరీ, ఇర్విన్ శిఖరం ఎక్కారా లేదా? మీరేమంటారు?

నెల్లూరు కుర్రాడు:
మొన్న పని మీద సంగం వైపు వెళ్లినప్పుడు పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు గారి ఊరు గాంధీ జనసంఘం చూశాను, అప్పట్నుంచి మనసంతా కొండల మీదే ఉంది. 1924 జూన్ 8న మధ్యాహ్నం 12:50కి మబ్బు కాస్త విడిపోతే, కింద ఉన్న వాళ్ల బృందంలోని ఓడెల్‌కి గట్టు మీద రెండు నల్ల చుక్కలు పైకి కదులుతూ కనిపించాయి. మళ్లీ మబ్బు మూసేసింది, అంతే. హిల్లరీ, టెన్జింగ్‌ల కంటే 29 ఏళ్ల ముందు సంగతి. 1999లో మాలరీ శవం దొరికాక కూడా తేలకపోవడం ఏంది?

కావలి మాస్టారు:
ఎక్కారనే నా నమ్మకం. మాలరీ మంచు కళ్లద్దాలు జేబులో దొరికాయి, అంటే ఎండ పోయాక దిగుతున్నాడనిపిస్తుంది. శిఖరం మీద పెడతానన్న భార్య ఫోటో మాత్రం లేదు, జేబులో ఉత్తరాలేమో చదవడానికి వీలుగా అలాగే ఉన్నాయి, అంటే ఫోటో పైనే పెట్టి వచ్చి ఉంటాడు!

ఒంగోలు ట్రెక్కర్:
మాస్టారూ, కళ్లద్దాలు రెండో జత అయ్యుండొచ్చుగా. నాకు అడ్డు తగిలేది శిఖరానికి ముందు వచ్చే సెకండ్ స్టెప్ అనే నిటారు రాతిగోడ. అక్కడ చైనావాళ్లు 1975లో నిచ్చెన బిగించారు, 2014లో మన పూర్ణ ఎక్కింది కూడా మాలరీవాళ్లు వెళ్లిన ఆ ఉత్తరం వైపు నుంచే. నిచ్చెన లేకుండా, ఆ కాలపు మేకుల బూట్లతో, 8,600 మీటర్ల ఎత్తులో ఆ గోడ ఎక్కడమంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. నడుముకి తెగిన తాడు, విరిగిన కాలు చూస్తే జారిపడ్డారన్నది మాత్రం ఖాయం.

కావలి మాస్టారు:
తేల్చాల్సింది వాళ్లు తీసుకెళ్లిన కెమెరానే, శిఖరం మీద ఫోటో తీసుంటే అందులో ఉండాలి. బృందంలోని సోమర్‌వెల్ ఇచ్చిన చిన్న కొడాక్ అది. (ఆయన మన దక్షిణాదిలోనే, నెయ్యూరు ఆసుపత్రిలో డాక్టరుగా ఏళ్ల తరబడి పనిచేశారు.) మాలరీ దగ్గర దొరకలేదు కాబట్టి ఇర్విన్ దగ్గరే ఉండుండాలి.

నెల్లూరు కుర్రాడు:
ఇర్విన్ బూటు 2024లో రోంగ్‌బుక్ హిమనదంలో దొరికింది కదా సార్, లోపల పాదం, మేజోడు మీద ఎర్ర దారంతో కుట్టిన పేరు. హాస్టల్‌కి పంపేటప్పుడు అమ్మ నా దుప్పటి మూలన అలాగే కుట్టేది, ఆ ఫోటో చూసి చాలాసేపు ఏం తోచలేదు. 22 ఏళ్ల పిల్లాడు. మస్తాన్ బాబు గారు 2015 మార్చిలో ఆండీస్‌లో కనపడకుండా పోతే, దొరికేదాకా కొద్దిరోజులకే ఇక్కడ మనం ఎంత టెన్షన్ పడ్డాం! ఆయన దేహాన్ని ఏప్రిల్‌లో ఊరికి తెచ్చుకోగలిగాం. ఎక్కారా లేదా సంగతి తర్వాత, ముందు ఆ పిల్లాడి మిగతా దేహం దొరకాలని ఉంది నాకు.

ఒంగోలు ట్రెక్కర్:
నాకూ అంతే తమ్ముడూ.