బడి గేటు ముందు బండ్లు ఎత్తేస్తే పిల్లల ఒళ్ళు తగ్గుతుందా?

కాలవగట్టు: మా మునిసిపాలిటీ వాళ్ళు సోమవారం బడి గేటు ముందున్న నాలుగు బండ్లు ట్రాక్టర్‌లో వేసుకుపోయారు. పిల్లల్లో ఊబకాయం పెరుగుతోందట. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్నవి బడి గేటుకి 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. నూడుల్స్, పానీపూరీ, బజ్జీల బండ్లంటే సరే. నాలుగోది జామకాయలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మే ఆవిడది. ఇదేం న్యాయం?

పాత_పీఈటీ: చాలా మంచి పని చేశారు. 26 ఏళ్ళు పిల్లల్ని ఆడించినవాణ్ణి. ఇప్పుడు ఎనిమిదో తరగతి కుర్రాడు గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండ్ కొడితే నడుం పట్టుకుని కూర్చుంటున్నాడు. అసలు 50 మీటర్లు కాదు, 100 గజాలు. చట్టంలో ఉంది.

టేపుమాస్టారు: 100 గజాలు సిగరెట్లకీ గుట్కాకీ అండీ, 2003 పొగాకు చట్టం. తిండికి 50 మీటర్లే. అదీ గేటు నుంచి ఏ దిక్కుకైనా. గోడ నుంచి కాదు.

పాత_పీఈటీ: గోడైతే ఏంటి, గేటైతే ఏంటి?

టేపుమాస్టారు: తేడా ఉంది. మా బడికి మూడు గేట్లు. వెనక గేటుకి ఎప్పుడూ తాళమే. దాన్నుంచి కూడా కొలవాలా?

రాయలసీమ_రాగిముద్ద: ఊబకాయం డబ్బున్నోళ్ళ జబ్బు. మా పల్లెలో పిల్లోళ్ళు పుల్లల్లా ఉన్నారు.

కాలవగట్టు: ఆ రోజులు పోయాయన్నా. 5–19 ఏళ్ళవాళ్ళలో ఊబకాయం 9.4 శాతం, బరువు తక్కువున్నవాళ్ళు 9.2 శాతం అని యునిసెఫ్ 2025లో చెప్పింది. ప్రపంచం మొత్తానికి లెక్క అది.

సుజాత_కె: మా బడి గేటుకి ఎదురుగా సూపర్‌మార్కెట్ ఉంది. బిల్లు కౌంటర్ పక్కనే, సరిగ్గా పిల్లల చెయ్యి అందే ఎత్తులో చిప్స్, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు. వాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. బడి లోపలి క్యాంటీన్‌లో క్రీమ్ బన్నులు అమ్ముతారు. నిబంధన బడి ఆవరణకి కూడా వర్తిస్తుంది కదా?

పాత_పీఈటీ: షాపుకి లైసెన్స్ ఉంది. బండి మీద నూనె ఎన్నిసార్లు మరిగిందో దేవుడికే తెలియాలి.

సుజాత_కె: నూనె సంగతి శుభ్రతకి సంబంధించింది. మనం మాట్లాడుతున్నది బరువు గురించి.

మిక్చర్_బండి_మనిషి: మా నాన్న మరమరాల మిక్చర్ అమ్మి నన్ను డిగ్రీ చదివించాడు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వ్యాపారుల సర్వే పూర్తికాకుండా ఎవరినీ లేపకూడదు. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి. ఈ ఊళ్ళో ఆ కమిటీ ఎప్పుడైనా కూర్చుందా?

పాత_పీఈటీ: మీ బండి కోసం పిల్లల ఆరోగ్యం పాడవ్వాలా? అసలు తప్పు ఇళ్ళల్లో ఉంది. తల్లులకి వండే ఓపిక లేదు. లంచ్ బాక్సులు తెరిచి చూశాను, సగం వాటిలో నూడుల్సే.

సుజాత_కె: వచ్చేశారా తల్లుల దగ్గరికి? నేను ఐదున్నరకి లేచి వండి, ఎనిమిదింటికి బస్సెక్కుతాను. మా పాపకి పదకొండేళ్ళు. పోయినేడు బడిలో అందర్నీ వరసలో నిలబెట్టి బరువు చూసి, పైకి చదివారు. దాని అంకె విని వెనక పిల్లలు నవ్వారట. ఆ రోజు నుంచి బాక్సు తెరవడం మానేసింది. నలుగురి ముందు తినదు. సాయంత్రం ఆకలికి తట్టుకోలేక చిప్స్ కొనుక్కుంటుంది. ఆ అంకె చదివింది కూడా ఒక పీఈటీ సారే.

రాయలసీమ_రాగిముద్ద: అయ్యో.

సుజాత_కె: ఇంకోటి. ఆ బడి నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో నడుస్తోంది. గ్రౌండే లేదు. ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసుంది. ఆ సంగతి యాజమాన్యాన్ని ఎవరడుగుతారు? బండి ఎత్తాలంటే ట్రాక్టర్ చాలు.

పాత_పీఈటీ: అమ్మా, ఆ బరువు చదవడం తప్పే. నేనూ చదివేవాణ్ణి, ఇలా అవుతుందని తట్టలేదు. గ్రౌండ్ మాటంటారా, చివరి ఐదేళ్ళూ నా పీరియడ్ లెక్కల సారుకి ఇచ్చేశారు. నన్ను స్టడీ అవర్‌లో కాపలా కూర్చోబెట్టారు. అడిగితే రిజల్ట్స్ కావాలన్నారు. వాళ్ళతో నావల్ల కాలేదు. అందుకే అంటున్నా, జరిగేదేదో జరగనివ్వండి. బండ్లయినా పోనీ.

సుజాత_కె: అక్కడే నాకు మీతో పేచీ సార్. జరిగేది ఎప్పుడూ చేతకానివాళ్ళ మీదే జరుగుతోంది.

పాత_పీఈటీ: ఏమీ చెయ్యకుండా కూర్చోవడం కన్నా నయం కదమ్మా.

మిక్చర్_బండి_మనిషి: మీకు నయం.

టేపుమాస్టారు: పొద్దున వెళ్ళి కొలిచాను. మెయిన్ గేటు నుంచి సూపర్‌మార్కెట్ తలుపు 11 మీటర్లు. జామకాయలావిడ పాత చోటు 34. ఇప్పుడు మలుపు దాటి బుట్ట పెట్టుకుంది, 60 దాకా ఉంటుంది. పిల్లలు మెయిన్ రోడ్డు దాటి వెళ్తున్నారు.