ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు అసలు పట్టు ఎక్కడుంది: చందాలోనా, ఫైళ్లలోనా?

అక్షరయాత్రి:
2011లో ఆఫీస్ 365 వచ్చేదాకా మైక్రోసాఫ్ట్ ఆఫీస్ అంటే ఒకసారి కొనుక్కుని, కంప్యూటరు పాతబడేదాకా వాడుకునే సరుకు. ఇప్పుడు చాలామందికి అది నెలనెలా కట్టే చందా. పైగా 2023 నవంబరులో సంస్థల కోసం విడుదల చేసిన కోపైలట్ అనే కృత్రిమ మేధ సహాయకానికి ఒక్కొక్కరికి నెలకు 30 డాలర్లు అదనంగా పెట్టారు. గూగుల్ 2025 జనవరిలో తన కృత్రిమ మేధ జెమినిని, ఆఫీసుకు పోటీగా అమ్మే వర్క్‌స్పేస్ ప్లాన్లలోనే కలిపేసి, ఆ ప్లాన్ల ధర పెంచింది. ఉత్తరం రాయడం, పట్టిక వేయడం, లెక్క కూడడం అనే అసలు పని అలాగే ఉండగా ధర మాత్రం పెరుగుతూ పోయే ఈ వ్యూహం ఎంతకాలం నిలుస్తుంది? ఇలాంటి పనులే చేసే లిబ్రెఆఫీస్ ఉచితంగా దొరుకుతున్నా సంస్థలు ఎందుకు కదలడం లేదు?

నిత్యపని:
అసలు పని అలాగే ఉందన్న మాటతో నేను ఏకీభవించను. ఒకే పత్రాన్ని నలుగురు నాలుగు చోట్ల నుంచి ఒకేసారి దిద్దాలంటే వెనక సర్వర్లు రేయింబవళ్లు నడవాలి, ఆ ఖర్చు ప్రతి నెలా ఉంటుంది. కొనుక్కున్నదైనా శాశ్వతం కాదు: ఆఫీస్ 2016, 2019 రెండింటికీ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. చందాలో నాకు అన్యాయం కనిపించడం లేదు.

గళ్ళకాగితం:
అక్షరయాత్రి గారి రెండో ప్రశ్నకే నా జవాబు. సంస్థలను కదలనివ్వనిది వాటి ఫైళ్లు. ఎక్సెల్‌లో ఒక సెల్‌లో 60 అని కొట్టి, దాన్ని తేదీగా చూపమనండి. 1900 ఫిబ్రవరి 29 అని వస్తుంది. 1900 లీపు సంవత్సరం కాదు, అలాంటి రోజే లేదు. ఈ తప్పు మొదట లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. అప్పట్లో స్ప్రెడ్‌షీట్ల మార్కెట్టు లోటస్ చేతిలో ఉండటంతో, దాని ఫైళ్లలోని తేదీలు చెదరకుండా తనలోకి రావాలని ఎక్సెల్ తెలిసి తెలిసీ ఆ తప్పును అలాగే తీసుకుంది. లోటస్ కనుమరుగైనా తప్పు నేటికీ ఉంది, ఎందుకంటే సరిదిద్దితే లెక్కలేనన్ని ఫైళ్లలో తేదీలు ఒక రోజు అటూ ఇటూ అవుతాయి. అదే 60ని లిబ్రెఆఫీస్‌లోని స్ప్రెడ్‌షీట్ అయిన కాల్క్‌లో కొట్టి తేదీగా చూపమంటే ఫిబ్రవరి 28 వస్తుంది.

ఇంకో ఉదాహరణ నన్ను నిజంగా బాధించింది. మార్చ్1 అనే జన్యువు పేరు కొట్టగానే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుండటంతో పరిశోధకుల పట్టికలు పాడయ్యేవి. చివరికి 2020లో మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే సంఘమే అలాంటి పేర్లను మార్చుకోవాల్సి వచ్చింది. ఆ మార్పిడిని ఆపుకునే వీలు ఎక్సెల్‌లోకి 2023లో గానీ రాలేదు.

మా కార్యాలయంలోనూ నెలవారీ ఖాతాల వర్క్‌బుక్ ఒకదాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మార్చబోయాం. పట్టికలన్నీ చక్కగా తెరుచుకున్నాయి గానీ, బటన్ నొక్కితే నడవాల్సిన మాక్రో, అంటే పనులను వరుసగా తానే చేసేలా ఫైల్లోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం, సగంలో ఆగిపోయింది. దాన్ని రాసినవారు ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. లిబ్రెఆఫీస్ వాడే ఫైలు ఫార్మాట్ ఓడీఎఫ్ 2006లో, మైక్రోసాఫ్ట్ ఫార్మాట్ ఓఓఎక్స్‌ఎంఎల్ 2008లో ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి, కానీ మాక్రోలు రాసిన భాష ఆ ప్రమాణాల్లో లేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మీద నడిచి కూడా, 2017లో విండోస్‌కు తిరిగి రావాలని తీర్మానించింది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో సుమారు 30,000 కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మారుస్తామని ప్రకటించింది. తమ సమాచారం మీద అధికారం తమ చేతిలోనే ఉండాలన్నది వారు గట్టిగా చెప్పిన కారణం. ఈ కారణానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే పొదుపు కోసం మొదలుపెట్టిన మార్పు మొదటి ఇబ్బందికే వెనక్కి తగ్గుతుంది.

నిత్యపని:
ఫైళ్ల సంగతి ఒప్పుకుంటాను. అయితే కృత్రిమ మేధ మీరన్న ఆ మాక్రోనే చదివి, మరో భాషలో తిరిగి రాసిపెడితే ఏమవుతుంది? అమ్మకందారులు 30 డాలర్లకు అమ్ముతున్న సాధనమే వారి పాత గోడను పగలగొట్టదా? అంతేకాదు, పదిమంది చేసే పని నలుగురితో అయ్యే రోజు వస్తే, తలకింత అని వసూలు చేసే చందా రాబడి కూడా తగ్గుతుంది.

గళ్ళకాగితం:
తలకింత అన్న లెక్క మారక తప్పదని నాకూ అనిపిస్తోంది. మాక్రో విషయంలో మాత్రం, తిరిగి రాయడం తేలికైన సగమే. కొత్తది పాతదానితో పైసా తేడా లేకుండా సరిపోయిందని తేల్చి సంతకం పెట్టేది మనిషే. అందుకే మేము చందా పునరుద్ధరణకు ముందు, రోజూ వాడే పది వర్క్‌బుక్‌లను ప్రత్యామ్నాయంలో తెరిచి, గడిచిన ఏడాది లెక్కలతో పోల్చి చూడాలని నిర్ణయించుకున్నాం. ఆ పదిలో ఎన్ని సరిగా నడిస్తే, ధర గురించి మాట్లాడేటప్పుడు మాకు అంత బలం ఉంటుంది. ఇప్పటికి మూడు పూర్తయ్యాయి, రెండు సరిపోయాయి.