కెపాసిటెన్స్ సెన్సర్: ట్యాంకు ఖాళీ చేసినా రీడింగ్ సున్నాకి రావడం లేదు

పాకం_ట్యాంకు: చక్కెర పాకం ఉండే స్టీల్ ట్యాంకు, అందులో మట్టం కొలవడానికి టెఫ్లాన్ తొడుగున్న రాడ్ ప్రోబ్. పూర్తిగా ఖాళీ చేసినా 18 శాతం దగ్గరే ఆగిపోతోంది. అక్కడే జీరో సెట్ చేస్తే, కడిగిన తర్వాత మైనస్‌లోకి వెళ్లింది. ప్రోబ్ పోయిందా అని టెన్షన్‌గా ఉంది.

రాడ్_మనిషి: ప్రోబ్ బాగానే ఉన్నట్టుందండీ. దానికి మట్టం కనపడదు, కెపాసిటెన్స్ (రెండు లోహపు ప్లేట్ల మధ్య విద్యుత్ ఆవేశం నిలిచే సామర్థ్యం) ఒక్కటే కనపడుతుంది. నూనె లాంటి కరెంటు పారని సరుకైతే రాడ్ ఒక ప్లేటు, ట్యాంకు గోడ రెండో ప్లేటు. మధ్యలో ఉన్న పదార్థం ఆ సామర్థ్యాన్ని ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పేది డైఎలెక్ట్రిక్ విలువ. గాలికి అది 1, నూనెలకు 2 నుంచి 3 దాకా. సరుకు పైకి వచ్చేకొద్దీ పికోఫారాడ్లు (కెపాసిటెన్స్ కొలత) పెరుగుతాయి. మీ పాకంలో కాస్త కరెంటు పారుతున్నట్టుంది. అలాంటి ద్రవం తానే రెండో ప్లేటవుతుంది, మధ్యలో మిగిలేది టెఫ్లాన్ పొర. పాకం దిగిపోయినా రాడ్‌కి అంటుకున్న జిగురు ట్యాంకుతో కలిసే ఉంటుంది కాబట్టి, అదీ మట్టంగానే లెక్కలోకి వస్తుంది.

గోతాము_గది: మాది ధాన్యం సైలో. తేమ పెరిగినప్పుడల్లా, మట్టం అంతే ఉన్నా రీడింగ్ పైకి పోయేది. నీటి డైఎలెక్ట్రిక్ విలువ 80 దాకా ఉంటుంది కదా, కొద్ది తేమే చాలు. చివరికి దాన్ని నిండినప్పుడు మోగే అలారానికే వాడుకుంటున్నాం.

ప్లాస్టిక్_డ్రమ్ము: ప్లాస్టిక్ ట్యాంకు వాళ్లకి ఒక మాట. గోడ ప్లేటుగా పనిచేయదు. మా దగ్గర మనిషి దగ్గరికి వస్తేనే రీడింగ్ కదిలేది! ప్రోబ్ పక్కనే సమాంతరంగా ఇంకో లోహపు రాడ్ దించి ఎర్త్ చేశాక కుదురుకుంది.

రాడ్_మనిషి: పాకం గారూ, జిగురుని కత్తితో మాత్రం గీకకండి. టెఫ్లాన్ చిరిగితే పాకం నేరుగా రాడ్‌కి తగులుతుంది, ఇక ఆ రీడింగ్‌ని నమ్మలేం. గోరువెచ్చని నీళ్లతో కడిగి, రాడ్ ఆరాకే జీరో పెట్టండి. పొర మళ్లీ మళ్లీ పడుతుంటే ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) అడ్మిటెన్స్ రకం ప్రోబ్ చూడండి. అది జిగురు పొర నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆ తప్పుని చాలావరకు తీసేస్తుంది.

పాకం_ట్యాంకు: చెప్పినట్టే కడిగి, ఆరబెట్టి జీరో పెట్టాను. నింపి, ఖాళీ చేసి చూస్తే 3 శాతం దగ్గర ఆగింది. రెండు వారాలకి మళ్లీ 11. కడగడం మాతో అయ్యే పని కాదు, అడ్మిటెన్స్ ప్రోబ్‌కి అడిగాను. వచ్చాక ఇక్కడే రాస్తాను.