విల్లు, చెట్టు స్టాండు రెండూ ఒక్కడే మోయాలంటే ఎట్ల?

హాలియా పోరడు

అన్నలకు నమస్తే. నవంబర్‌ల అమెరికాల మిస్సోరి పోతున్న, మా బావ దగ్గరికి. అక్కడ విల్లుతోని తెల్లతోక జింక వేట. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది, పర్మిట్ అక్కడ దిగినంక తీసుకుంటా. నా తిప్పలు వేట గురించి కాదు, మోత గురించి.

సామాను ఇది: కాంపౌండ్ విల్లు (కొసలకు చక్రాలుండేది), గురి చూసే సైటు, బాణాలు పెట్టే క్వివర్ కలిపి 3 కిలోలు. బాణాలు 6. చెట్టు మీద కూసోనీకి పట్టీతో బిగించే అల్యూమినియం స్టాండు 6 కిలోలు. ఎక్కనీకి చెట్టుకు కట్టే మెట్ల స్టిక్కులు 4, ఒక్కోటి కిలో మీద కొంచెం. కింద పడకుండ ఆపే పట్టీల హార్నెస్, నీళ్లు, చలికోటు. చీకట్ల కిలోమీటరున్నర నడవాలంట.

అదే కొలతల స్టాండు ఒకటి ఇక్కడ వెల్డింగ్ షాపుల చేయించి, బత్తాయి తోటల మోసుకుంట తిరుగుతున్న. పది నిమిషాలకే మూట ఎనకకు గుంజుతుంది, భుజాలు పోతున్నయి. అడుగు తీసి అడుగేస్తే టంగు టంగుమని సప్పుడు. విల్లు వీపుకు కడితే నారి పోయి తుమ్మకంపల తట్టుకుంటుంది. విల్లు చేతిల పట్టాల్నా, వీపుకే కట్టాల్నా? స్టాండు ఇక్కడి వేపచెట్టుకే కట్టి ఎక్కి చూద్దామని కూడా ఉంది.

పాలమూరు మోకు

తమ్మీ, ముందు ఆఖరి ముచ్చట. వెల్డింగ్ షాపు స్టాండు మీద కాలు పెట్టకు. అల్యూమినియం అతుకు బయటికి బాగానే కనపడుతుంది, లోపల పట్టు ఉండదు. కంపెనీ స్టాండు మీద ఎంత బరువు ఆగుతుందో రాసి ఉంటది, ఎక్కువ వాటికి 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. అది నీ ఒక్కని బరువు కాదు, కోటు, బూట్లు, సామాను అన్నీ కలిపి. నువ్వు చేయించినదానికి ఆ లెక్కే లేదు. మోత ప్రాక్టీసుకు వాడుకో, అంతే.

ఇగ మోత. నీ మొత్తం బరువు 16 కిలోల దాక వస్తది. అది పెద్ద బరువేం కాదు. బరువు వీపుకు ఎంత దూరం ఉందన్నదే అసలు సంగతి. మార్కెట్ యార్డుల హమాలీని చూడు, బస్తాను నడుం మీద పెట్టుకోడు, మెడ కిందికి జరుపుకొని ముందుకు వంగుతడు. నీ స్టాండు కూడా అంతే పైకి, అంతే అతుక్కొని ఉండాలె.

సీటు మడిచి, కాళ్లు పెట్టే ప్లాట్‌ఫారం చదును దిక్కు వీపుకు తగిలేటట్టు పెట్టు. మధ్యల పాత యోగా చాప ముక్క ఒకటి. స్టిక్కులు రెండు రెండు జంట చెయ్, ఒకదాని తల ఇటు, ఇంకోదాని తల అటు. అట్ల పెడితే మెట్లు ఒకదాంట్ల ఒకటి దిగి మందం తగ్గుతది. జంటలను ప్లాట్‌ఫారం చెరో అంచుకు కట్టు. పై కొస నీ తల దాటొద్దు, దాటితే ప్రతి కొమ్మకు తగుల్తది. కట్టడానికి సాగే హుక్కు తాళ్లు వద్దు, నడిచినప్పుడల్లా అవి సాగి ముడుచుకుంటయి, మూట ఊగుతది. బకిల్ ఉన్న సాగని పట్టీలు రెండు, ఒకటి పైన ఒకటి కింద. మిగిలిన కొసలు చుట్టి రబ్బరు బ్యాండు వెయ్.

స్టాండుతోని వచ్చే సన్న పట్టీలే భుజాలు కోసేది. వాటిని తీసేసి, నడుం పట్టీ ఉన్న ట్రెక్కింగ్ బ్యాగు కట్టు. నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముక మీద కూసోవాలె. ముందు దాన్ని బిగించి, ఆ తర్వాతనే భుజం పట్టీలు లాగు. చాలామంది ఉల్టా చేస్తరు.

సప్పుడుకు మందు పాత సైకిల్ ట్యూబు. ఇనుముకు ఇనుము తగిలే ప్రతి జాగల రెండంగుళాల ముక్క తొడుగు. దానికి ముందు ట్యూబును సబ్బునీళ్లతో కడిగి వారం రోజులు ఎండల ఆరబెట్టు. జింకకు ముక్కు చానా ఎక్కువ. ట్యూబు తొడగలేని దగ్గర ఆసుపత్రి గుడ్డ ప్లాస్టరు చుట్టు. సీటు కీలు కిర్రుమంటే నైలాన్ వాషర్ వెయ్, గ్రీజు వద్దు. రెండు చోట్ల మాత్రం ఏం చుట్టకు: పట్టీ బకిల్‌ల దూరే కాడ, స్టాండు పళ్లు చెట్టును పట్టే కాడ. అక్కడ చుడితే పట్టు జారుతది. అంతా కట్టినంక వీపుకేసుకొని వాకిట్ల పదిసార్లు దుంకు. సప్పుడు ఎక్కడిదో దొరుకుతది.

సాగర్ ఎడమ కాలువ

మోత గురించి పాలమూరు అన్న చెప్పిండు, నేను ఎక్కుడు గురించి చెప్త. మన గీత కార్మికులు తాటిచెట్టు ఎక్కేది చూసినవు గదా. మోకు చెట్టు చుట్టు తిరిగి నడుముకు ఉంటది, కత్తి నడుముకాడ ఉంటది, చేతుల ఏమీ ఉండదు. నీది కూడా అదే. విల్లు పట్టుకొని ఒక్క స్టిక్కు కూడా ఎక్కొద్దు.

9 మీటర్ల సన్న తాడు తీసుకో. ఒక కొస నడుముకు, ఇంకో కొస కింద నేల మీదున్న విల్లుకు. ముడి రైజర్‌కు, అంటే విల్లు నడుమ పిడి ఉండే గట్టి భాగానికి వెయ్, నారికి గాని కేబుల్‌కు గాని కాదు. కేబుల్ జరిగితే కామ్, అంటే విల్లు కొసన ఉండే చక్రం తిరుగుతది, సైటు లెక్క మొత్తం పోతది. బాణాలు మూత ఉన్న క్వివర్లనే ఉండాలె, మొనలు కిందికి. బాణం నారికి ఎక్కించేది పైన కూసున్నంకనే, హార్నెస్ బిగించినంకనే. తాడు లాగేటప్పుడు విల్లు కొమ్మకు తట్టుకుంటే గుంజకు, కొంచెం వదిలి పక్కకు ఊపు.

మోకుకు బదులు అక్కడ లైన్‌మన్ బెల్టు అంటరు. స్టిక్కు కట్టేటప్పుడు చెట్టు చుట్టు అదే నిన్ను పట్టుకుంటది, రెండు చేతులు ఖాళీగ ఉంటయి. స్టాండుకు చేరినంక ఫుల్ బాడీ హార్నెస్ తాడును చెట్టుకు తలెత్తుల బిగించు, బెల్టు ఆ తర్వాతనే ఇప్పు. కూసుంటే ఆ తాడుల వదులు దాదాపు ఉండొద్దు. నడుం ఎత్తుల కడితే పడ్డప్పుడు అంత దూరం కిందికి పోతవు, ఆ గుంజుడుకే నడుం ఇరుగుతది.

ఒకవేళ జారి హార్నెస్ మీద వేలాడితే బతికినం అనుకోవద్దు. తొడ పట్టీలు నెత్తురును కాళ్లల్లనే ఆపుతయి, అరగంట లోపే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే హార్నెస్‌కు కాలు పెట్టి నిలబడే పట్టీ ఉంటది. దాన్ని సంచి అడుగున పెట్టకు, చెయ్యికి అందే జేబుల పెట్టు. ఫోను కూడా ఛాతీ జేబులనే. మొదటిసారి కాబట్టి 15 అడుగుల ఎత్తు చాలు.

చెట్టు నిటారుగ, పచ్చిగ ఉండాలె. ఎండిన చెట్టు, ఒరిగిన చెట్టు, బెరడు ఊడే చెట్టు వద్దు. మన నీలగిరి చెట్టు బెరడు పొరలు పొరలుగ లేస్తది చూడు, అసొంటిది. (నల్లగొండ పాత పేరు నీలగిరే అయినా ఈ చెట్టును మాత్రం నమ్మొద్దు.)

హాలియా పోరడు

మస్తు చెప్పిన్రు. మరి నడిచేటప్పుడు విల్లు?

పాలమూరు మోకు

వీపుకే కట్టు, కాని స్టాండు బయటి దిక్కు. నారికి గుడ్డ తొడుగు వెయ్. చీకట్ల పడితే చేతులు ఖాళీగ ఉండాలె.

సాగర్ ఎడమ కాలువ

ఈడ నేనొప్పుకోను. బయటి దిక్కు కడితే 3 కిలోలు వీపుకు అడుగు దూరంల వేలాడుతయి. నువ్వు ఇందాక చెప్పిన హమాలీ లెక్క ఏడ పోయింది? పైగా కామ్ ఏ కొమ్మకు తాకిందో నడిచేటోనికి తెల్వదు. చేతిల పట్టుకుంటే తెలుస్తది. రైజర్ మధ్యల పట్టుకొని పక్కకు దించి నడువు, వాలు ఉంటే కిందికున్న దిక్కు చేతిల పట్టు. జారితే విల్లును దూరంగ ఇసిరి పడొచ్చు. కంప ఎక్కువున్న దారైతే మాత్రం మోకు అన్న చెప్పినట్టే కట్టు.

ఇంకా మంచిది, స్టాండు ముందురోజు మధ్యాహ్నమే పోయి కట్టేసి రావడం. తెల్లారి విల్లు, హార్నెస్ తోనే పోతవు. ప్రభుత్వ భూమైతే స్టాండు వదిలి రావొచ్చా, దాని మీద పేరు రాయాల్నా అన్నది ఆ రాష్ట్రం రూల్ చూసుకో.

చలికోటు వేసుకొని నడవొద్దు, మూటకు కట్టు. మనోళ్లు చలికి భయపడి అన్నీ వేసుకొని నడుస్తరు. చెమట పడుతది, చెట్టెక్కి అరగంట కూసుంటే ఆ తడే వణికిస్తది. నవంబర్ నడుమ తుపాకీ సీజన్ పడుతది, ఆ రోజులల్ల విల్లు పట్టినోళ్లకు కూడా ఆరెంజ్ టోపీ, జాకెట్ తప్పనిసరి.

గడియారం సెంటర్

ప్రాక్టీసు చేసే చోటు గురించి ఒక మాట. ఇక్కడ వేట ఏ రూపంలోనూ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘ఆయుధం’ అనే మాట నిర్వచనంలోనే విల్లు, బాణాలు ఉన్నాయి. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లడమే 31వ సెక్షన్ కింద నేరం, జంతువును కొట్టకపోయినా సరే. అమ్రాబాద్ టైగర్ రిజర్వు నాగర్‌కర్నూల్‌తో పాటు మన నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. వీపున స్టాండు, చేతిలో విల్లు పెట్టుకొని చందంపేట దిక్కు కనిపిస్తే, ప్రాక్టీసు అని ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. తోటలోనే ఉండండి, బ్రాడ్‌హెడ్‌లు (వేటకు వాడే పదును మొనలు) కొనకండి, టార్గెట్ మొనలు చాలు.

హాలియా పోరడు

తోట దాటను అన్నా. ఇంకొక్కటి. విల్లు ఇక్కడి నుంచి తీసుకపోవాల్నా, బావ పాత విల్లు వాడుకోవాల్నా?

సాగర్ ఎడమ కాలువ

డ్రా లెంగ్త్, అంటే నారి గుంజే పొడుగు, కలిస్తే బావదే వాడు. రెండు చేతులు చాపి ఈ కొస నుంచి ఆ కొసకు అంగుళాలల్ల కొలిచి 2.5 తోని భాగించు. 70 వస్తే నీది 28. అంగుళం తేడా వచ్చినా వాడొద్దు, కామ్ మీద ఆ పొడుగు సెట్ చేసే మాడ్యూల్ ముక్క మార్చిపియ్యాలె.

తీసుకపోతే చెకిన్ లగేజీలనే, గట్టి పెట్టెల. విల్లును నొక్కి పట్టే ప్రెస్ లేకుండా నారి ఇప్పే పని పెట్టుకోకు. పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు మూడు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ ఎయిర్‌లైన్లు అదనం అడుగుతయి. విల్లు పెట్టెలు చానావరకు దాటుతయి, టికెట్ తీసుకునే ముందే టేపు పెట్టి కొలువు.