స్లీవ్ (బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్) అయి ఐదు నెలలు: పఖాళ దిగడం లేదు, ముందు పెళ్ళి భోజనాలు ఉన్నాయి. మీరెలా నెట్టుకొస్తున్నారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. విశాఖలో స్లీవ్ చేయించుకుని ఐదు నెలలైంది. అప్పుడు 118 కిలోలు, ఇప్పుడు 89. షుగర్ మాత్రలు డాక్టరుగారే కొంచెం కొంచెంగా తగ్గించి, పోయిన నెల ఆపేశారు. అక్కడంతా బాగానే ఉంది. నా గోలంతా కంచం దగ్గర.

ఎండలు ముదిరాయి. మా వీధిలో మధ్యాహ్నమైతే ఒడియా ఇల్లయినా తెలుగు ఇల్లయినా తినేది ఒకటే, కుండలో నానిన అన్నం. వాళ్ళు పఖాళ అంటారు, మేం చద్దన్నం అంటాం. తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు, ముందూ వెనకా అరగంట ఆగాలి అని డైటీషియన్ చెప్పింది. పఖాళంటేనే నీళ్ళు కదా, దాన్ని తినాలా తాగాలా? మొన్న ఆగలేక ఆరేడు చెంచాలు గబగబా తినేశాను. రొమ్ము మధ్యలో రాయి అడ్డం పడినట్టయింది. నోటినిండా నురగ ఊరి, చివరికి వాంతి. మా అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "పిడికెడు అన్నం దిగకుండా కోయించుకున్నావు కదమ్మా" అని.

ఇంకో మూడు వారాల్లో మా మరిది పెళ్ళి, బరంపురంలో. బంతి భోజనాలు. ఇంట్లో వాళ్ళకి తప్ప చుట్టాల్లో ఎవరికీ ఆపరేషన్ సంగతి తెలీదు. ఎలా గట్టెక్కాలో చెప్పండి.

రాయగడ రైలు

అమ్మా, నాది బైపాస్, అంటే కడుపుని చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకి కలిపే ఆపరేషన్, రెండేళ్ళు దాటింది. మా ఊళ్ళో బైపాస్ అనగానే గుండె ఆపరేషన్ అనుకున్నారు. ఇప్పటికీ మెట్లెక్కుతుంటే చెయ్యి పట్టుకుంటారు. నేనూ కాదనను, సుఖంగానే ఉంది.

మీకు పట్టేసింది పఖాళ కాదు, తొందర. స్లీవ్‌లో కడుపు నాలుగింట మూడొంతులు పైనే తీసేస్తారు, మిగిలేది అరటికాయంత గొట్టం. పాత కడుపుకి తిన్నట్టు తింటే పై ముద్ద కింది ముద్ద మీద కూర్చుంటుంది. చెంచాకీ చెంచాకీ మధ్య చెంచా కింద పెట్టేయండి. నేను గోడ గడియారం ఎదురుగా కూర్చుని తింటాను, ఇరవై నిమిషాలకి తక్కువ కాకుండా.

పెళ్ళి గురించి ఒక్క హెచ్చరిక. తీపి. ఆపరేషనైన తొమ్మిదో నెలలో మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళి వస్తూ రెండు రసగుల్లాలు తిన్నాను. పావుగంటలో చెమటలు, గుండె దడ, కడుపులో మెలి, కళ్ళు తిరగడం. ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. అమ్మవారికి కోపమొచ్చిందంది మా ఆవిడ. డాక్టరుగారు డంపింగ్ అన్నారు. పంచదార నేరుగా చిన్నపేగులోకి జారిపోతే అలా అవుతుందట. కొందరికి అప్పుడు ఏమీ కాదు, గంట నుంచి మూడు గంటల లోపు షుగర్ పడిపోయి వణుకు వస్తుంది. బైపాస్ వాళ్ళకి ఎక్కువ, స్లీవ్ వాళ్ళకి రాదని మాత్రం అనుకోవద్దు.

చోడంబలి (జైపూర్, కోరాపుట్ జిల్లా)

నేను టీచరుని, కాబట్టి కొంచెం లెక్క చెబుతాను, తిట్టుకోకండి.

మనకి అన్నం తింటేనే తిన్నట్టు. ఆపరేషన్ తర్వాత కంచంలో ఆ అన్నమే చివరికి వెళ్ళాలి. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అని నాకు రాసిచ్చారు. గుడ్డుకి ఆరు గ్రాములు. పావు లీటరు పాలకి ఎనిమిది. వంద గ్రాముల పనీర్‌కి పద్ధెనిమిది దాకా. కప్పు గట్టి పప్పుకి ఏడెనిమిది. అన్నంతో మొదలుపెడితే నాలుగు చెంచాలకి కడుపు నిండుతుంది, గుడ్డుకి చోటు ఎక్కడ? అందుకే నేను ముందు గుడ్డో చేపో, తర్వాత కూర, చోటుంటే అన్నం.

నేను మొదట్లో చేసిన తప్పు చెప్పాలి. ఆపరేషన్ తర్వాత జావలే తాగాల్సిన రోజుల్లో చోడి (రాగి) అంబలి తాగి, బలమైన తిండి తింటున్నానని మురిసిపోయాను. మా కోరాపుట్‌లో మండియా, అదే చోళ్ళు, అంటే అందరికీ అంత నమ్మకం. చోళ్ళలో కాల్షియం బాగా ఉంటుంది, వంద గ్రాముల పిండిలో 300 మిల్లీగ్రాముల పైనే. కానీ ప్రోటీన్ ఏడు గ్రాములే, పైగా ఒక గ్లాసు అంబలిలో పడే పిండి ఎంత? రెండు మూడు చెంచాలు. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు. డైటీషియన్ నా డైరీ చూసి "మాష్టారమ్మా, మీరు నీళ్ళు తాగి బతుకుతున్నారు" అంది. అప్పటినుంచి అంబలిలో చిలికిన పెరుగు, ప్రోటీన్ పొడి కలుపుతున్నాను. పప్పులో కూరముక్కలు వేసి వండే దాల్మా కూడా మంచిదే, కాకపోతే గుమ్మడి ముక్కలు, బంగాళాదుంపలు పక్కకి తోసి పప్పు ఎక్కువ పోసుకోవాలి.

కుతూహలం (గుణుపురం)

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నాకు ఇంకా అవ్వలేదు, ఆలోచిస్తున్నాను. బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 38. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. జుట్టు అంతా ఊడిపోతుందా? పిల్లలు పుట్టరని మా పిన్ని అంటోంది, నిజమా? అసలు నాలాంటి వాళ్ళకి చేస్తారా?

వార్డు సిస్టరు (శ్రీకాకుళం, పుట్టిల్లు కాశీనగర్)

చెల్లీ, పిన్ని చెప్పింది తిరగేసి వినాలి. బరువు తగ్గాక నెలసరి సర్దుకుని గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు, ఆ సమయంలో ఒంట్లో పోషకాలు తక్కువగా ఉంటాయి కాబట్టి. పెళ్ళి చూపుల్లో ఈ మాట ఎలా చెప్పాలో మాత్రం నాకు తెలీదమ్మా, అది వైద్యం కాదు.

జుట్టు మూడో నెల నుంచి ఊడుతుంది, చాలామందికి తొమ్మిదో నెల, ఏడాది నాటికి తిరిగి వస్తుంది. అప్పటికీ ఆగకపోతే ఐరన్, జింక్, థైరాయిడ్ చూడాలి. చేస్తారా అంటావా, 2022లో మారిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటిన వాళ్ళకి ఇతర జబ్బులు లేకపోయినా సిఫారసు చేయవచ్చు. ఆసియా వాళ్ళకి ఆ గీత 27.5 దగ్గరే. కానీ గీత దాటినంత మాత్రాన టేబుల్ ఎక్కనక్కర్లేదు. జీవితాంతం మాత్రలు వేసుకోగలవా, ఏటా రక్తపరీక్షకి వెళ్ళగలవా అని ముందు నిన్ను నువ్వు అడుగు.

పేటరౌడీ

గ్యాస్ పట్టేసింది అంతే. నిమ్మసోడా కొట్టండి, నొప్పి మాత్ర ఒకటి వేసుకోండి, పోతుంది. మా బావకి అలాగే పోయింది.

వార్డు సిస్టరు

బాబూ, మీ బావకి కడుపు కోశారా? సోడా గ్యాస్ ఆ చిన్న గొట్టంలో ఉబ్బుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఈ ఆపరేషన్ వాళ్ళకి పుండ్లు తెస్తాయి, బైపాస్ అయితే మరీ. మోకాలు నొప్పికైనా పంటినొప్పికైనా ముందు ఆపరేషన్ సంగతి చెప్పి పారాసెటమాల్‌తో సరిపెట్టవచ్చేమో అడగాలి.

పర్లాకిమిడి అమ్మాయికి ఒక్క మాట. తొందరగా తిని ఒకసారి కక్కడం వేరు, రోజూ కక్కడం వేరు. ఒకటి రెండు రోజులు నీళ్ళు కూడా నిలవకపోతే ఇంట్లో కూర్చోవద్దు. విటమిన్ బీ1 పడిపోతే కాళ్ళు తిమ్మిరెక్కడం, చూపు రెండుగా కనబడటం, తూలడం వస్తాయి, ఆలస్యమైతే కొన్ని తిరిగి బాగుపడవు. అలాంటప్పుడు గ్లూకోజ్ సెలైన్ పెట్టించుకునే ముందు బీ1 ఇంజెక్షన్ గురించి డాక్టరుని తప్పకుండా అడగండి. మలం నల్లగా వచ్చినా, కడుపునొప్పితో జ్వరమొచ్చినా అంతే, వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఒకేసారి మింగొద్దు, రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ టీతో అసలే వద్దు.

బరంపురం అప్పడం

చాలా రోజులకి లాగిన్ అయ్యాను, సిగ్గుపడి రాలేదు. నాకు స్లీవ్ అయి ఆరేళ్ళు. 41 కిలోలు తగ్గాను, 14 మళ్ళీ వచ్చేశాయి.

తప్పు పెళ్ళి భోజనాల్లో జరగలేదు. అక్కడ అందరూ చూస్తుంటారు కాబట్టి జాగ్రత్తగానే ఉన్నాను. తప్పు సాయంత్రాలు జరిగింది. మాంసం ముక్క, గట్టి అన్నం పట్టేస్తాయి కదా, భయమేసి మెత్తగా జారిపోయేవి వెతుక్కున్నాను. ముఢీ, అదే మన మరమరాలు, దాంట్లో మిక్స్చరు. అప్పడాలు. బిస్కెట్టు టీలో ముంచి. ఇవి నోట్లో కరిగి ఎక్కడా అడ్డం పడకుండా పోతాయి. పొట్ట చిన్నదే, కానీ అరగంటకో గుప్పెడు చొప్పున రాత్రిదాకా నడిస్తే దానికేం తెలుస్తుంది? మాది అప్పడాల ఊరు, ఇంట్లో డబ్బాకి డబ్బా. మొదటి ఏడాది ఆకలే వేయలేదు. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం తీసేశారు కదా. అది నా నిగ్రహం అనుకున్నాను. రెండో ఏడాది తర్వాత ఆకలి తిరిగొచ్చింది, నిగ్రహం అయితే రాలేదు.

ఇప్పుడు డైటీషియన్ దగ్గరకి మళ్ళీ మొదటి రోజులా వెళ్తున్నాను. నాలుగు కిలోలు దిగాయి.

సరే, పఖాళ సంగతి. నీళ్ళూ అన్నం వేరు చేయండి అమ్మా! ఒడియా వాళ్ళు ఆ నీళ్ళని తోరాణి అంటారు, మా నాయనమ్మ తరవాణి అనేది. వడగట్టి, ఉప్పు వేసి పదకొండు గంటలకి కొద్దికొద్దిగా చప్పరించండి. అరగంట దాటాక గుడ్డో వేయించిన చేపో ముందు తిని, ఆ మెత్తటి అన్నం నాలుగు చెంచాలు పెరుగుతో. కుండ అదే, రుచి అదే.

రాయగడ రైలు

ఇది నాకు రెండేళ్ళలో తట్టలేదు. చెయ్యెత్తి దణ్ణం.

చోడంబలి

బాగుంది కానీ ఒక సవరణ. స్లీవ్ తర్వాత చాలామందికి పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట వస్తాయి. నాకూ ఉంది. పుల్లబడిన తరవాణి నాకు పడలేదు. ఒక్క రాత్రి మాత్రమే నానినది చూసుకోండి, రాత్రిపూట వద్దు. అయినా మండితే మానేయండి, డాక్టరుకి చెప్పండి.

కుతూహలం

పెళ్ళి భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు. అక్క అడిగింది కదా.

బరంపురం అప్పడం

అవును, మర్చిపోయాను. బఫే అయితే బాధ లేదు, పళ్ళెం పట్టుకుని తిరిగితే చాలు. బంతిలోనే చిక్కు. మావైపు వడ్డించేవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి పోస్తారు. ఒడియా చుట్టాలు వస్తే "ఆఉ టికే, ఆఉ టికే" అంటూ ఇంకో గరిటె. విస్తట్లో వదిలేస్తే పెద్దవాళ్ళకి కోపం. నేను చేసేది ఇదీ: బయల్దేరే ముందు ఇంట్లో గుడ్డు తినేస్తాను. బంతిలో మా ఆరేళ్ళ మనవడి పక్కన కూర్చుని "వీడికి నేనే తినిపిస్తాను, ఒక్క ఆకు చాలు" అంటాను. వాడి వంకతో నేను నాలుగు ముద్దలు తిన్నా ఎవరూ లెక్కపెట్టరు. ఖట్టా (తీపి పచ్చడి), పాయసం వాడికే.

చెప్పాలా వద్దా అంటే, నేను దాచి ఏడాది నరకం చూశాను. కేన్సరేమో అని పుకారు లేచింది. మా తోటికోడలు ఒక్కర్తెకి చెప్పాను, మిగతా ఊరికి ఆవిడే చెప్పేసింది. నాకు పని తప్పింది.

రాయగడ రైలు

మగవాళ్ళకి ఇంకోటి. పెళ్ళిలో మందు. నాకు ఇదివరకు మూడు పెగ్గులకి ఎక్కేది ఇప్పుడు ఒక్కదానికే, అదీ నిమిషాల్లో. ఊరేగింపులో పరువు పోయింది. వివరాలు అడగొద్దు.

మహేంద్రతనయ

(పెళ్ళి అయిపోయింది, నిన్ననే తిరిగొచ్చాం)

అందరికీ పేరుపేరునా దణ్ణాలు. పెళ్ళి బానే జరిగింది. మా ఆడపడుచు కూతుర్ని పక్కన పెట్టుకున్నాను, ఐదేళ్ళది. నా ఆకులోని బూరె అదే తినేసింది. అయినా ఒక పెద్దావిడ పట్టేసింది: "ఏమే, ఇలా చిక్కిపోయావు, మొగుడు చూసుకోవట్లేదా?" మా ఆయన పక్కనే ఉన్నారు, మొహం మాడిపోయింది. ఇంక లాభం లేదని కడుపు ఆపరేషన్ అయిందని చెప్పేశాను. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "మా కోడలికి ఎంతవుతుంది?" అంది.

పఖాళ మాత్రం అద్భుతం. తరవాణి వేరు చేసి తాగుతున్నాను, మంట రాలేదు. మొదటిరోజు అత్తగారికి నచ్చలేదు, నీళ్ళు తీసేస్తే అది పఖాళ ఏమిటి అన్నారు. ఇప్పుడు ఆవిడే వడగడుతున్నారు. మా పెద్దవాడి ఉగ్గుగిన్నె అటకమీంచి దింపించి అందులో పెడుతున్నారు, కంచంలో అయితే చూడటానికి దిగులుగా ఉందట.

ఒక్కటే చిక్కు. ఎదురుగా కూర్చుని చెంచాలు లెక్కపెడుతున్నారు. "నిన్న పదమూడు తిన్నావు, ఇవాళ పదకొండే" అని.

రాయగడ రైలు

మా ఇంట్లో కూడా అంతే. మా ఆవిడ వంటింట్లో బంగారం తూచే తక్కెడ లాంటిది ఒకటి కొంది.