సొంత ఫోన్లో ఆఫీసు పని: మెమోతో అవుతుందా, మనసుతో అవుతుందా?

మండల ఆఫీసు ఉద్యోగి:
ఫీల్డు సిబ్బంది పనంతా ఫోన్లోకి వచ్చేస్తోంది. వాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా వాడాలంటే ఏం చేయాలన్నదే నా ప్రశ్న. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకు ముఖ హాజరు యాప్ పెట్టారు. సొంత ఫోన్లలో వేసుకోమనేసరికి సంఘాలు ససేమిరా అన్నాయి, ఫోన్లు ప్రభుత్వమే ఇవ్వాలని పట్టుబట్టాయి. కరోనా రోజుల్లో మాత్రం అదే టీచర్లలో ఎంతోమంది సొంత ఫోన్, సొంత డేటాతోనే పిల్లలకు వాట్సాప్‌లో పాఠాలు పంపారు. పని సులువవుతుందంటే ఎవరైనా ఫోన్ తీస్తారు. తమ మీద కాపలాకే అనిపిస్తే వెనక్కి తగ్గుతారు. మెమో ఇస్తే యాప్ డౌన్‌లోడ్ అవుతుంది, అంతవరకే.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
బాబూ, హాజరుకు ఇష్టాయిష్టాలేమిటి? ఒకే టీచరున్న బడికి ఆయన పదింటికి వస్తే అప్పటిదాకా పిల్లల్ని చూసే దిక్కుండదు. టీచర్లందరూ ఇష్టపడేదాకా ఆగుదామంటే నష్టపోయేది పిల్లలే. ఉపాధి హామీ పనుల్లో ఫొటో హాజరు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. అప్పుడూ గొడవ చేశారు, ఇప్పుడు కూలీల పని చూసే మేట్లు రోజుకు రెండుసార్లు ఫొటోలు ఎక్కిస్తున్నారుగా?

మండల ఆఫీసు ఉద్యోగి:
ఎక్కిస్తున్నారు మేష్టారూ. ఏం ఎక్కిస్తున్నారో కూడా చూడాలి. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది: పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే ఫొటో తీసినవి వస్తున్నాయని. బలవంతంతో వచ్చిన హాజరు అది.

అంగన్‌వాడీ టీచర్:
మా సంగతి చెప్తాను. పిల్లల, తల్లుల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ 2021లో వచ్చింది. అందులో నాకు నచ్చింది ఒకటుంది. బిడ్డ బరువు, ఎత్తు కొట్టగానే వయసుకు తగ్గట్టు ఉన్నాడో లేదో అదే చెప్పేస్తుంది. ఇదివరకు చార్టు మీద చుక్క పెట్టి గీత చూసుకోవాలి. ఇప్పుడు తల్లిని పక్కన కూర్చోబెట్టి స్క్రీన్ చూపిస్తా, ‘ఇదిగో, పోయిన నెల కంటే తగ్గాడు’ అని. ఆమెకు వెంటనే తలకెక్కుతుంది. ఈ పని చేయమని నాకెవరూ చెప్పలేదు.

మిగతాదే ప్రాణం తీస్తుంది. ఫోన్లో కొట్టిందే మళ్లీ రిజిస్టర్లో రాయాలి. రేషన్ ఇవ్వాలంటే బాలింత ముఖం ఫొటో తీయాలి, ముందు ఆమె వివరాలు ఫోన్‌కొచ్చే ఓటీపీతో సరిచూడాలి. నంబరేమో భర్తది. ఆయన బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు, మధ్యాహ్నం ఫోన్ ఎత్తడు. చంటిబిడ్డతో ఆమె నా ఎదుట నిలబడి ఉంటుంది, గుడ్లు, పాలు ఇక్కడే ఉంటాయి. మేష్టారూ, ఇందులో నా బద్ధకం ఎక్కడుంది?

2021 ఆగస్టులో మహారాష్ట్ర అంగన్‌వాడీ వాళ్లు ప్రభుత్వమిచ్చిన ఫోన్లు తిరిగి ఇచ్చేశారు. 2 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్న ఫోన్లు, ఇంగ్లీషు యాప్. వాళ్లను పని ఎగ్గొట్టేవాళ్లని అనడానికి నాకు మనసు రాదు.

హైదరాబాద్, ప్రైవేటు కంపెనీ హెచ్ఆర్:
మా దగ్గర సేల్స్ కుర్రాళ్లంతా సొంత ఫోన్లే. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌లకు వేరే ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. ఉద్యోగం మానేస్తే అది మాత్రమే తుడిచేస్తాం, ఇంటి ఫొటోల జోలికి వెళ్లం. ఈ మాట ముందే చెప్పి, చేసి చూపించాక అభ్యంతరాలు చాలావరకు పోయాయి. రీఛార్జ్ కంపెనీదే. సాయంత్రం ఏడు దాటాక గ్రూపులో మెసేజ్ పెట్టిన మేనేజర్‌నే అడుగుతాం. ఫ్రాన్స్‌లో 50 మందికి పైగా ఉన్న కంపెనీలు పనివేళలు దాటాక వచ్చే ఇలాంటి మెసేజ్‌ల గురించి ఉద్యోగులతో మాట్లాడి తీరాలని 2017 నుంచి చట్టమే ఉంది.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
అమ్మా, ఆ ఓటీపీ విషయం అన్యాయమే. ఫోన్, డేటా ఇవ్వాల్సింది పని చేయించుకునేవాళ్లే, అదీ ఒప్పుకుంటా. హాజరుకైతే బడిలోనే ఒక ట్యాబ్ పెట్టండి, టీచరు సొంత ఫోన్ అడగొద్దు. అయినా హాజరు తప్పనిసరే, ఆ మాట నేను మార్చుకోను.

మండల ఆఫీసు ఉద్యోగి:
ట్యాబ్ మాట బాగుంది మేష్టారూ. మేడమ్, వచ్చే రివ్యూలో ఒక్క ప్రతిపాదన పెట్టే వీలుంటే ఏది పెట్టమంటారు? ట్రైనింగా, కొత్త ఫోనా?

అంగన్‌వాడీ టీచర్:
ఫోన్లో ఎక్కించాక ఏ రిజిస్టర్ రాయక్కర్లేదో పేరు పెట్టి, రాతపూర్వకంగా ఇమ్మనండి సార్. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు చూపించుకోవడానికి ఆ కాగితం కావాలి.