బాబాయి రైట్ చేసిన బ్లూస్ సీడీ: ఈ పాటలు అసలు ఎవరివి?

తెనాలి_కుర్రోడు:
అందరికీ నమస్తే. మొన్న ఇల్లు సర్దుతుంటే బీరువా మీద ఒక సీడీ దొరికింది. 2003 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు మా బాబాయి రైట్ చేసుకున్నదట. మీద మార్కర్‌తో "బ్లూస్ - కవర్స్" అని ఉంది (బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ పాత పాటల బాణీ అట). అట్ట మీద పాటల పేర్లు లేవు, పాడినవాళ్ళవే ఉన్నాయి: క్రీమ్, ఆల్‌మన్ బ్రదర్స్, లెడ్ జెప్లిన్, రోలింగ్ స్టోన్స్, స్టీవీ రే వాన్, జానిస్ జోప్లిన్. ఏడోదాని దగ్గర ఆయనే ప్రశ్నార్థకం గీసి వదిలేశారు. అడిగితే "ఇరవయ్యేళ్ళ కిందటిది రా, నాకేం గుర్తుంటుంది" అన్నారు.

వారం నుంచీ కారులో ఇదే మోగుతోంది. కవర్స్ అంటే వేరేవాళ్ళ పాటలు కదా, మరి ఆ వేరేవాళ్ళు ఎవరు? అవి కూడా వెతికి వినాలా, లేక గరగరలాడే రికార్డులు విని నిద్రపోతానా? ఇంకో డౌటు, తిట్టకండి: ఇది మన సినిమాల్లో పాత పాటకి డ్రమ్ములేసి రీమిక్స్ చేసినట్టేనా?

ఆరో_తీగ:
బాబాయి గారికి మంచి టేస్టుంది, ముందు ఆ మాట చెప్పు ఆయనకి. క్రీమ్ అంటే దాదాపు కచ్చితంగా "క్రాస్‌రోడ్స్" అయ్యుంటుంది. 1968 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టేజీ మీద వాయించింది. అసలుది రాబర్ట్ జాన్సన్‌ది, 1936లో టెక్సస్‌లో ఒక హోటల్ గదిలో రికార్డు చేశారు. మనిషి మొత్తం రికార్డు చేసింది 29 పాటలు, 27 ఏళ్ళకే పోయాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను, గరగర రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. కింది తీగల మీద నడక ఒకపక్క, పై తీగల మీద కేక ఇంకోపక్క, మధ్యలో గొంతు, అన్నీ ఒక్కడే. మొదటిసారి విన్నప్పుడు రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ అంతటివాడే పక్కన వాయించే రెండోవాడెవడు అని అడిగాడట. క్రీమ్ గిటారిస్టు క్లాప్టన్ ఆ చిక్కుముడి మొత్తాన్ని విప్పేసి ఒకే ఒక్క రిఫ్‌గా (మళ్ళీమళ్ళీ వచ్చే చిన్న గిటార్ వరస) తిన్నగా పరిగెత్తించాడు, జాన్సన్ వేరే పాటలోంచి ఒక చరణం తెచ్చి ఇందులో కలిపాడు. దీన్ని రీమిక్స్ అంటే ఎలా? పాత ఇంటి దూలాలతో కొత్త ఇల్లు కట్టాడు.

ఆల్‌మన్ వాళ్ళది "స్టేట్స్‌బరో బ్లూస్" అనుకుంటున్నా. బ్లైండ్ విల్లీ మక్‌టెల్ 1928లో పన్నెండు తీగల గిటార్‌తో పాడాడు. డ్వేన్ ఆల్‌మన్ జలుబు మాత్రల ఖాళీ గాజు సీసా వేలికి తొడుక్కుని తీగల మీద జార్చేవాడు, ఆ ఏడుపులాంటి సౌండు దానిదే. అన్నట్టు అతను మక్‌టెల్ రికార్డుని కాదు, తాజ్ మహల్ అనే గాయకుడు (అవును, అదే పేరు) 1968లో చేసిన కవర్‌ని పట్టుకున్నాడు. అంటే కవర్‌కి కవర్.

కరకట్ట_కబుర్లు:
లెడ్ జెప్లిన్ పాటలో డ్రమ్స్ నూతిలోంచి వస్తున్నట్టుంటే అది "వెన్ ద లెవీ బ్రేక్స్". లెవీ అంటే మన కరకట్టే. 1927లో మిసిసిపీ నదికి పెద్ద వరదొచ్చి కరకట్ట తెగింది, ఆ మీద మెంఫిస్ మినీ, కాన్సస్ జో దంపతులు 1929లో ఈ పాట రికార్డు చేశారు. కట్ట తెగితే ఉండటానికి చోటుండదు అనే మాట చుట్టూనే పాటంతా. మాది కృష్ణ లంకల పక్క ఊరు, ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారని రాత్రి ఫోనొస్తే గొడ్లని ముందు కట్ట మీదికి తోలుకెళ్ళే ఇల్లు, అందుకని ఈ పాట నాకు విదేశీ పాటలా ఎప్పుడూ అనిపించలేదు. జెప్లిన్ వాళ్ళు ఇంగ్లండులో ఒక పాత బంగళా మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, మైకులు పైఅంతస్తు నుంచి వేలాడదీశారు. నీళ్ళు మీదికొస్తున్నట్టే ఉంటుంది. మినీ వాళ్ళది వింటే ఆశ్చర్యపోతావు, రెండు గిటార్లతో గలగలా, నడిచిపోతూ చెప్పుకున్నట్టు ఉంటుంది.

సన్నాయి_నొక్కులు:
అందరూ మురిసిపోతున్నారు గానీ డబ్బుల సంగతి ఎవరూ ఎత్తరేం? త్యాగరాజ కీర్తనని వందమంది పాడతారు, కవర్ అంటామా? అనం, ఎందుకంటే చివరి చరణంలో ఆయన ముద్ర ఉంటుంది, ఎవరు పాడినా ఆయన పేరు పలకాల్సిందే. బ్లూస్‌లో ముద్ర లేదు, అందుకే పేర్లు జారిపోయాయి. ఇదే జెప్లిన్ వాళ్ళ "హోల్ లాటా లవ్" తన పాటలోంచి తీసుకున్నదేనని బ్లూస్ పాటల రచయిత విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కితే 1987లో రాజీ అయ్యాక గానీ ఆయనకి న్యాయం జరగలేదు. బాబాయి గారి అట్ట మీద కూడా పాడినవాళ్ళ పేర్లే ఉన్నాయి, చూశారా.

ఆరో_తీగ:
@సన్నాయి_నొక్కులు గారూ, డిక్సన్ విషయం ఒప్పుకుంటా. కానీ ముద్ర లేదంటే కాదు. జాన్సన్ తన "క్రాస్‌రోడ్స్" పాటలో "పూర్ బాబ్" మునిగిపోతున్నాడు అని తన పేరు తనే పాడుకున్నాడు. క్లాప్టన్ పాటలో స్నేహితుడు విల్లీ బ్రౌన్ పేరు ఉంది, బాబ్ దగ్గరికొచ్చేసరికి "నేను" అయిపోయింది. ముద్ర ఉంది, చెరిగిపోయింది. మీ వాదనకి ఇదింకా బలం కదా :)

ఇంకో మాట. కరకట్ట మీది పాటకి జెప్లిన్ వాళ్ళు మెంఫిస్ మినీ పేరు తమ పేర్లతోపాటు వేశారు. స్టోన్స్ వాళ్ళదీ చూడండి. డిక్సన్ రాసి హౌలిన్ వుల్ఫ్ పాడిన "లిటిల్ రెడ్ రూస్టర్"ని వాళ్ళు 1964లో బ్రిటన్‌లో నంబర్ వన్ చేశారు. మరుసటేడు అమెరికా టీవీ షోకి పిలిస్తే వుల్ఫ్‌ని కూడా రప్పిస్తేనే వస్తాం అని పట్టుబట్టి, ఆయన పాడుతుంటే స్టేజీ మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

మిగతావి త్వరగా: స్టీవీ రే వాన్‌ది "టెక్సస్ ఫ్లడ్" అయితే అది లారీ డేవిస్ పాట, 1958. అందులో గిటార్ ఫెంటన్ రాబిన్సన్‌ది, దాన్ని వదలకు. జానిస్‌ది "బాల్ అండ్ చైన్" అయితే బిగ్ మామా థార్న్‌టన్ రాసిన పాట. జానిస్ బ్యాండు దాన్ని మైనర్‌లోకి (దిగులుగా వినిపించే స్వరాల్లోకి) మార్చి నెమ్మది చేసింది. నా మటుకు నాకు బిగ్ మామాదే ఇష్టం, ఆవిడ ఏడవదు, బెదిరిస్తుంది.

ఏడోది ఎన్ని నిమిషాలు? మాటలున్నాయా?

తెనాలి_కుర్రోడు:
మాటల్లేవు అన్నా. ఏడున్నర నిమిషాలు పైన, గిటార్ ఒకటే గునుస్తూ ఉంటుంది. మొదట్లో బేస్ మీద ఒకటే మెట్టు మళ్ళీమళ్ళీ వస్తుంది.

ఆరో_తీగ:
దొరికింది. గిటారిస్టు జిమి హెండ్రిక్స్, "బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్". ఆల్బర్ట్ కింగ్ 1967లో పాడిన పాట, రాసింది విలియం బెల్, బుకర్ టి జోన్స్. హెండ్రిక్స్ 1969 చివర్లో స్టూడియోలో ఊరికే వాయించుకున్నది, ఆయన పోయిన చాన్నాళ్ళకి 1994లో "బ్లూస్" అనే కంపైలేషన్‌లో వచ్చింది. ఈ సీడీ నచ్చితే తర్వాత అదే కొనుక్కో.

తెనాలి_కుర్రోడు:
రాత్రి బాబాయికి ఫోన్ చేసి "ఏడోది హెండ్రిక్స్ అంట" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడోదీ, వెంటనే ఆల్బర్ట్ కింగ్‌దీ ఫోన్‌లోనే పెట్టమని రెండూ పూర్తిగా విన్నారు. చివర్లో "ఆదివారం వస్తున్నా, ఆ సీడీ నాకిచ్చెయ్" అన్నారు. కాపీ తీసుకుందామంటే నా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. తెనాలిలో ఎవరి దగ్గరైనా ఉందా?